బానిస వ్యాపారం ఆగి ఇన్నేళ్లయినా ఆఫ్రికా ఆర్థిక వ్యవస్థపై దాని ప్రభావం ఎందుకు పోలేదు?

కృష్ణాతీరం (ప్రశ్న):
ప్రపంచ చరిత్ర చదువుతుండగా వచ్చిన ఒక సందేహం ఎంతకీ తీరడం లేదు. అట్లాంటిక్ మీదుగా తరలించడానికి సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారనీ, వారిలో దాదాపు 1.07 కోట్ల మందే ప్రాణాలతో అవతలి తీరం చేరారనీ చరిత్రకారులు అంచనా వేస్తున్నారు. అయితే బ్రిటన్ ఈ వ్యాపారాన్ని 1807లోనే నిషేధించింది. యుద్ధాల్లోనో కరువుల్లోనో లక్షల మందిని పోగొట్టుకున్న దేశాలు రెండు మూడు తరాల్లో కోలుకున్న సందర్భాలు ఉన్నాయి కదా. మరి నేటి పేదరికానికి బానిస వ్యాపారాన్ని కారణంగా చూపడం ఎంతవరకు సబబు? అసలు కారణం ఆ తర్వాత వచ్చిన వలస పాలనే కావచ్చు కదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పాతపుటలు:
జనాభా నష్టం ఒక్కటే చూస్తే మీ సందేహం న్యాయమైనదేనండీ. కానీ కరువు వచ్చి పోతుంది. ఇక్కడ మనిషిని పట్టి అమ్మడమే శతాబ్దాల పాటు అన్నిటికన్నా లాభసాటి పనిగా సాగింది. 1526లో కాంగో రాజు మొదటి అఫోన్సో పోర్చుగల్ రాజుకు రాసిన ఉత్తరాల్లో, వర్తకులు తన ప్రజలనే కాక ప్రభువుల బిడ్డలనూ తన బంధువులనూ ఎత్తుకుపోతున్నారనీ, దేశం నిర్జనమైపోతోందనీ మొరపెట్టుకున్నాడు. యుద్ధఖైదీలను అమ్మిన రాజ్యమే అది. చివరికి సొంత మనుషులను కూడా కాపాడుకోలేని స్థితికి చేరింది.

నేటి నైజీరియాలోని ఓల్డ్ కాలబార్ రేవులో వ్యాపారం నడిచిన తీరు చూడండి. ఇంగ్లీషు ఓడల కెప్టెన్లు బట్టలు, ఇనుము, తుపాకులు స్థానిక వర్తకులకు అప్పుగా ఇచ్చేవారు. (ఆఫ్రికా తీరానికి చేరిన ఆ బట్టల్లో మన కోరమాండల్ తీరపు నేత కూడా ఉండేది.) అప్పుకు హామీగా వర్తకులు తమ ఇంటివారినే, ఒక్కోసారి కన్నకొడుకులనే ఓడలో కుదువ పెట్టేవారు. ఒప్పుకున్నంత మంది బానిసలు గడువులోగా అందకపోతే, కుదువ ఉన్నవారినే ఎక్కించుకుని ఓడ లంగరెత్తేసేది. అప్పు, హామీ, నమ్మకం వంటివి మరో చోట వాణిజ్యాన్ని పెంచుతాయి. అక్కడ అవే మనిషి వేటను పెంచాయి. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

గణాంకం:
పై మాటలకు లెక్కల ఆధారం కూడా ఉంది. ఆర్థికవేత్త నేథన్ నన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో అట్లాంటిక్‌తో పాటు సహారా, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మార్గాల్లో పోయినవారిని కూడా దేశాలవారీగా అంచనా వేశాడు. విస్తీర్ణాన్ని బట్టి చూస్తే ఎక్కువ మందిని పోగొట్టుకున్న దేశాలే 2000 నాటికి తలసరి ఆదాయంలో వెనుకబడి ఉన్నాయి. మొదటి నుంచీ పేదగా ఉన్న ప్రాంతాలే మనుషులను అమ్ముకున్నాయేమోనన్న అనుమానం రావడం సహజం. కానీ జనం దట్టంగా ఉండి, కాస్త అభివృద్ధి చెందిన ప్రాంతాలకే దెబ్బ ఎక్కువ తగిలిందని ఆయన చూపాడు.

2011లో ఆయన, బెనిన్‌లో పుట్టిన లెనార్డ్ వాంచెకాన్‌తో కలిసి ఇంకో అడుగు వేశాడు. పూర్వీకులు ఈ వ్యాపారానికి ఎక్కువగా బలైన తెగల వారు నేటికీ బంధువులను, ఇరుగుపొరుగును, స్థానిక పాలకులను తక్కువగా నమ్ముతున్నారని సర్వేల ద్వారా తేల్చారు. నమ్మినవారే అమ్మేసిన ఉదంతాలు అనేకం ఉన్నప్పుడు ఇందులో ఆశ్చర్యం ఏముంది? బెనిన్‌లోనే నొకూయే సరస్సులో గాన్వియే అనే ఊరు ఉంది. బానిసల వేటగాళ్లకు దొరకకుండా తోఫిను ప్రజలు నీటి నడుమ గుంజలు పాతి కట్టుకున్న ఇళ్లవి.

అయితే ఇవన్నీ సగటు మీద తేలిన సంబంధాలే తప్ప ఏ ఒక్క దేశపు జాతకాన్నీ చెప్పవు. బోట్స్వానా నుంచి బానిసలుగా పోయినవారు బహు తక్కువ, అది నేడు మెరుగైన స్థితిలోనే ఉంది. కానీ ఆ దేశ ఆదాయంలో స్వాతంత్ర్యానంతరం దొరికిన వజ్రాల పాత్రను కాదనలేం. మరోవైపు, ఎక్కువ మందిని పోగొట్టుకున్న అంగోలాకు వజ్రాలు, చమురు రెండూ ఉన్నాయి, కానీ 1975 నుంచి 2002 దాకా అక్కడ అంతర్యుద్ధమూ సాగింది.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వలస పాలన సంగతి మాత్రం ఇంకా మిగిలే ఉంది.

పాతపుటలు:
ఆ రెంటినీ విడదీసి చూడడం నాకు సరైనదిగా తోచదు. 1807 తర్వాత బ్రిటన్‌లో సబ్బుల తయారీకి, యంత్రాల కందెనకు పామాయిల్ గిరాకీ పెరిగింది; ఓల్డ్ కాలబార్ వంటి రేవులే ఆ నూనెకూ కేంద్రాలయ్యాయి. గెలలు కోయడానికి, నూనె తీయడానికి, మోయడానికి బానిసలనే వాడారు కనుక బయటి అమ్మకం తగ్గినా లోపలి బానిసత్వం చాలా చోట్ల పెరిగింది. పైగా బ్రిటిష్ నౌకాదళం 1851లో లాగోస్‌పై ఫిరంగులు పేల్చినప్పుడు, 1861లో ఆ నగరాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు కూడా పైకి చెప్పిన కారణం బానిస వ్యాపారాన్ని అణచడమే. శతాబ్దానికి పైగా ఆ వ్యాపారంలో ముందున్న దేశం, దాన్ని ఆపే పేరుతోనే ఆ తీరానికి పాలకురాలైంది.