స్పానిష్‌లో మాట మొదట వచ్చే ‘ర్ర’ పలకడం ఎలా?

కావలిలో ఉంటూ స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే ‘కుక్క’. ఆ తేడా సులువుగానే పట్టుబడింది. పాత పుస్తకాల్లో బండి ఱతో ‘గుఱ్ఱం’ అని రాసే మాట పలికిన నాలుకే కదా! చిక్కంతా మాట మొదట్లోనే. ‘రోసా’లో రాసేది ఒక్క ర అయినా, నాలుక కొన పై పళ్ల వెనుక చిగుళ్ల మీద రెండు మూడు సార్లు అదరాలి. నాకు ఒక్కసారి తగిలి ఆగిపోతుంది.

ఆరు వారాలుగా రోజూ పావుగంట అద్దం ముందు కూర్చుంటున్నాను. డ-డ-డ అని వేగంగా అన్నాను. ‘గుర్రం’ అంటూ ‘గు’ను మెల్లగా తగ్గించాను; అది పూర్తిగా తీసేసిన క్షణాన అదురు పోతోంది. గట్టిగా ఊదితే గాలి మాత్రమే వస్తోంది. ఫ్రెంచి ర లాగా గొంతులోకి పోవడం లేదు, అది సరిచూసుకున్నాను.

ముందు అచ్చు ఆసరా లేకుండా ఈ అదురు సాధించినవారు నాలుకను, ఊపిరిని ఎలా ఉంచి మొదలుపెట్టారు?