వంటింటి కత్తికీ క్యాంపింగ్ కత్తికీ సానరాయి ఏది కొనాలి?

అందరికీ నమస్కారం. మిన్నియాపొలిస్‌కి ఈమధ్యే వచ్చాను. వంటకి ఒక విక్టోరినాక్స్ కత్తి ఉంది. బౌండరీ వాటర్స్‌కి క్యాంపింగ్ వెళ్దామని ఆఫీసు వాళ్ళంటే మోరా కత్తి ఒకటి తీసుకున్నాను. రెండూ మొండిబారాయి. సానరాయి కోసం వెతికితే 400 నుంచి 8000 దాకా నంబర్లు, నూనె రాళ్ళు, నీటి రాళ్ళు, డైమండ్ ప్లేట్లు. చూస్తేనే టెన్షన్ వస్తోంది. సైకిల్ మీద సాన పట్టే ఆయన ఇక్కడ వీధిలోకి రాడు కదా, మీరే చెప్పాలి.

*

తమ్ముడూ, ముందు సెట్ల జోలికి పోకు. వెదురు పీట, రెండు రాళ్ళు, ప్లాస్టిక్ యాంగిల్ గైడు కలిపి చవగ్గా అమ్మే డబ్బాల్లో రాయి మీద వేసిన నంబరుని నమ్మలేం. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి పేరున్న 1000 నంబరు రాయి ఒక్కటి కొనుక్కో. కింగ్ గానీ షాప్టన్ గానీ, రెండూ జపాన్‌వే. కింగ్‌ని వాడే ముందు పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టాలి. షాప్టన్‌కి నానబెట్టే పని లేదు, పైన నీళ్ళు చిలకరిస్తే చాలు. బద్ధకస్తులకి షాప్టనే. నేనూ అదే వాడతాను.

నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. 400 లోపువి అంచు పెచ్చులూడిన కత్తికి, 1000 మామూలు పదునుకి, 6000 మెరుగుకి. కంపెనీ మారితే లెక్కా మారుతుంది. డైమండ్ ప్లేట్లు చేసే డీఎంటీ వాళ్ళ ఎర్ర ప్లేటు 600 అంటే 25 మైక్రాన్ల రేణువులు, జపాన్ 1000 రాయిలో అందులో దాదాపు సగం సైజువి ఉంటాయి. కాబట్టి వేర్వేరు కంపెనీల నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చకు. నన్నడిగితే వంటింటికి 6000 అవసరమే లేదు. 1000 దగ్గర ఆపిన అంచుకి కంటికి కనిపించని సన్న గరుకు మిగులుతుంది, టమాటా తొక్కని పట్టి కోసేది అదే. అద్దంలా మెరిపించడం సరదా కోసం చేసుకునే పని.

విక్టోరినాక్స్ ఉక్కు మెత్తనిది, గట్టితనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 55-56. త్వరగా మొండిబారుతుంది, అంతే త్వరగా పదునెక్కుతుంది. కొత్తవాళ్ళు చేయి తిప్పుకోవడానికి ఇంతకంటే మంచి కత్తి లేదు. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. డిగ్రీలు కంటికి ఎలా తెలుస్తాయంటావా? కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లయితే, 15 డిగ్రీలకి వెన్ను రాయి మీంచి సుమారు 12 మిల్లీమీటర్లు లేవాలి. ఆరు నికెల్ నాణేలు, అంటే ఇక్కడి ఐదు సెంట్ల బిళ్ళలు, దొంతి పెడితే దాదాపు అంతే ఎత్తు. వెన్ను వాటికి ఆనించి చేతికి ఆ వాలు తెలిశాక నాణేలు తీసెయ్.

అసలు కిటుకు బర్‌లో ఉంది. ఒక వైపు నూరుతూ పోతే అవతలి అంచున సన్నని గరుకు లేస్తుంది. బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు బయటికి మెల్లగా జారిస్తే గోరుకి తట్టినట్టు తెలుస్తుంది. అంచు పొడుగునా, మడమ నుంచి మొన దాకా, ఆ గరుకు తగిలే వరకూ రెండో వైపుకి తిప్పకు. చాలామంది ఇటు పదిసార్లు, అటు పదిసార్లు లెక్కపెట్టి నూరి, కత్తి తెగట్లేదని రాయిని తిడతారు. రెండు వైపులా బర్ లేచాక, చేతి బరువు తగ్గించుకుంటూ వైపులు మారుస్తూ దాన్ని తీసెయ్యాలి.

మోరాకి నాణేలు అక్కర్లేదు. అంచుకి రెండు వైపులా వెడల్పైన ఏటవాలు పట్టీ ఉంటుంది చూడు, దాన్నే రాయి మీద బల్లపరుపుగా ఆనించి తోయడమే. అందుకే రాయి చదునుగా ఉండాలి. నీటి రాయి వాడేకొద్దీ నడుమ గుంట పడుతుంది. పెన్సిల్‌తో పైన గళ్ళు గీసి, అద్దం పలక మీద పరిచిన 220 వాటర్ పేపర్ మీద తడిగా రుద్దు. గీతలన్నీ పోతే చదునైనట్టు.

క్యాంపుకి మాత్రం నీటి రాయి మోసుకెళ్ళకు. అరచేతిలో పట్టే డైమండ్ ప్లేటు చాలు, అంత త్వరగా అరగదు, గుంట పడదు, కింద పడినా పగలదు. రేపెప్పుడైనా ఎస్30వీ లాంటి వెనేడియం ఉక్కు కత్తి కొన్నా అదే పనికొస్తుంది. ఆ ఉక్కులో ఉండే కార్బైడ్లనే సన్న రేణువులు మామూలు రాయి కంటే గట్టివి.

ఇంకొకటి, మన ఊరి చలి సంగతి. తడి రాయిని గరాజ్‌లో వదిలేస్తే లోపలి నీరు గడ్డకట్టి పగిలిపోతుంది. ఇంట్లోనే నీడన ఆరబెట్టు.

*

పై అన్నగారు చెప్పింది సరే. బాబూ, అమ్మ కత్తిపీట పంపిస్తానంటే వద్దనకు. చెకిన్ లగేజీలో అంచుకి మందంగా అట్ట చుట్టి పంపమను, చేతి సంచిలో మాత్రం రానివ్వరు. దానికి సాన పట్టేటప్పుడు పద్ధతి తిరగెయ్యాలి. పీట కదలకుండా తొక్కిపట్టి, చిన్న రాయినే వంపు వెంట కింది నుంచి పైకి నడపాలి. వేళ్ళు రాయి అంచు దాటి బయటికి రాకూడదు. మాంసం ఎముకతో కొట్టాలంటే హలాల్ షాపు వాళ్ళతోనే కొట్టించుకో. జపాన్ కత్తి ఎముక మీద వేస్తే అంచు పెచ్చులూడుతుంది, దాన్ని సరిచెయ్యడానికి ఒక ఆదివారం పోతుంది. గాజు కటింగ్ బోర్డు ఉంటే ఇవాళే తీసెయ్. డిష్‌వాషర్‌లో మంచి కత్తి వెయ్యకు.

*

చాలా థాంక్స్ అన్నా, అక్కా. రూమ్మేట్ దగ్గర పాత నార్టన్ నూనె రాయి ఒకటి ఉంది. దాని మీద ఇంట్లో ఉన్న నువ్వుల నూనె పోయొచ్చా?

*

వద్దు తమ్ముడూ. వంట నూనె ఏదైనా రాయిలో జిగురుకట్టి రంధ్రాలు మూసేస్తుంది. మినరల్ ఆయిల్ కావాలి. ఏ ఫార్మసీలోనైనా మలబద్ధకం మందుల వరసలో దొరుకుతుంది. మొహమాటపడకుండా తెచ్చుకో.