లేప్‌కూఖెన్‌లో ‘లేప్’ ఎక్కడిది?

అరసున్న: మూడు రోజులుగా ఒక పాదం చెవిలో తిరుగుతోంది. మేముండేది న్యూరెంబర్గ్. పై అంతస్తు అవ్వ క్రిస్మస్‌కు నెల ముందే రేకు డబ్బా నిండా లేప్‌కూఖెన్ అనే సుగంధాల బిళ్లలు కాల్చి తెచ్చి, మా పాపకు హెన్సెల్, గ్రేటెల్ పాట పాడి వినిపించింది. పిల్లలిద్దరూ అడవిలో దారి తప్పి తినుబండారాలతో కట్టిన ఆ ఇంటి దగ్గరికి వస్తారే, అక్కడి పాదం. ‘జీ కామెన్ ఆన్ ఐన్ హోయ్‌స్‌హెన్’ (వాళ్లు ఒక చిన్న ఇంటి దగ్గరికి వచ్చారు) వరకు స్పష్టంగా గుర్తుంది. తరువాతది ‘ఫొన్ లేప్‌కూఖెన్ ఫైన్’ అన్నదా, ‘ఔస్ లేప్‌కూఖెన్ ఫైన్’ అన్నదా? అర్థం ఎలాగైనా ‘చక్కని లేప్‌కూఖెన్‌తో కట్టినది’ అనే. అవ్వ కూతురి ఊరికి వెళ్లింది. తెలిసినవారు చెప్పండి.

వలపలగిలక: ఫొన్, ఔస్ సంగతి తరువాత చూద్దాం. అసలు లేప్‌కూఖెన్ ఆ పాదంలో ఇమడదండి. ఊనిక చూసుకుంటూ చదవండి: ఫొన్ ఫె-ఫర్-కూ-ఖెన్ ఫైన్. ఆరు అక్షరాలు, ఒకటి విడిచి ఒకటి బరువు. లేప్‌కూఖెన్ అంటే ఒక అక్షరం తగ్గిపోయి ‘లేప్’, ‘కూ’ పక్కపక్కన ఢీకొంటాయి. పాటలోని మాట ఫెఫర్‌కూఖెన్, ఆ బిళ్లలకే మరో పేరు. మీ చెవి మీ ఊరి మాటను అందులో పెట్టింది.

అరసున్న: నడక గురించి మీరు చెప్పింది నిజమే. కానీ మా ఊళ్లో ఫెఫర్‌కూఖెన్ అనే మాటే వినపడదు. అవ్వ ‘లే’ని బాగా సాగదీసి పాడిందని నాకు గట్టిగా గుర్తు.

తాళపత్రం: సాగదీసిందంటే ఊరికే వదిలేయకండి. మధ్యయుగపు జర్మన్‌లో ఈ మాట రూపం ‘లేబెకుఓఖె’. నడుమ ఒక ‘బె’ ఉండేది. ఆ ‘బె’ని తిరిగి పెట్టి ‘లేబెకూఖెన్ ఫైన్’ అని పాడండి, వలపలగిలక గారు అడిగిన ఆరు అక్షరాలూ సరిపోతాయి. పోయిన అక్షరాన్ని పాట దాచుకుని ఉండవచ్చు. మన జానపదాలలో అరసున్నల జాడ దొరకడం లేదా?

వలపలగిలక: అందంగా ఉంది కానీ నిలవదు. ఆ రూపం పోయి శతాబ్దాలైంది, పాట అంత పాతది కాదు. పైగా గ్రిమ్ సోదరుల కథలో ఆ ఇల్లు లేప్‌కూఖెన్‌దీ కాదు, ఫెఫర్‌కూఖెన్‌దీ కాదు. గోడలు రొట్టె, కప్పు కేకు, కిటికీలు చక్కెర. సుగంధాల బిళ్లలు ఆ ఇంటికి తరువాత వచ్చాయి.

అరసున్న: ‘లేబె’ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అవ్వ మాటల ప్రకారం అది ‘లేబెన్’, అంటే జీవించడం. తిన్నవాడికి ఆయుష్షు పోసే రొట్టె అట. నాకు ఆ అర్థం ఎంతో నచ్చింది.

తాళపత్రం: అవ్వకు నమస్కారం, కానీ అది జనం కల్పించుకున్న వ్యుత్పత్తి. లాటిన్‌లో ‘లీబుమ్’ అని ఒకటుంది, దేవతలకు నివేదించే చప్పిడి అప్పం. ఈ బిళ్లలను మధ్యయుగంలో మఠాలలోనే కాల్చేవారు. సన్యాసుల లాటిన్ నుంచి మాట వంటింట్లోకి దిగిందని నా నమ్మకం.

వలపలగిలక: ‘లీబుమ్’లో ‘లీ’ దీర్ఘం, తాళపత్రం గారూ. ఆ దీర్ఘం జర్మన్‌లో ఏమవుతుందో ‘వీనుమ్’ను అడగండి. ద్రాక్షారసం ‘వైన్’ అయింది. ఆ లెక్కన మనకు ‘లైబ్‌కూఖెన్’ రావాలి. ‘లేప్’ ఎలా వచ్చింది?

తాళపత్రం: వీనుమ్ చాలా ముందే వచ్చి అన్ని మార్పులూ చూసింది. మఠం మాట ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ మార్పు దానికి తగలనక్కర లేదు. అది వద్దంటే ‘లైబ్’ ఉంది, రొట్టె ముద్ద. ఒకే ధాతువులో అచ్చు మారిన రూపంగా ‘లేబ్’ను చూసే పండితులున్నారు. దేనినైనా ఒప్పుకుంటాను, ‘ఆయుష్షు’ను తప్ప.

పోపులపెట్టె: వ్యుత్పత్తి మీరు తేల్చుకోండి. పదేళ్లుగా వీటిని కాలుస్తున్నదాన్ని, పిండి గురించి నేను చెబుతాను. తేనె ముందు. న్యూరెంబర్గ్ చుట్టూ ఉన్న అడవిని ‘సామ్రాజ్యపు తేనెటీగల తోట’ అనేవారు, అంత తేనె. తరువాత దాల్చినచెక్క, లవంగాలు, ఏలకులు, జాజికాయ, జాపత్రి, అల్లం, ధనియాలు, సోంపు. పాత పద్ధతిలో తేనె పిండిని వారాల తరబడి చల్లగా నిలవ ఉంచి, పొంగడానికి పొటాషు, జింకకొమ్ము ఉప్పు కలుపుతారు. ఎలీజెన్ అనే మేలు రకంలో బాదం, హేజెల్, అక్రోటు వంటి గింజలు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం మించకూడదు. ముద్ద కాల్చే రేకుకు అంటుకోకుండా కింద పల్చని ‘ఓబ్లాటె’ పెడతారు. చర్చిలో అప్పద్రాక్షారసాలు అన్నప్పటి అప్పం అదే. మఠం వాసన ఇంకా అడుగునే ఉంది, తాళపత్రం గారూ.

అరసున్న: ఇన్ని చెప్పారు, మిరియాలు చెప్పలేదు. ఫెఫర్ అంటే మిరియం కదా? తెలుగు చేస్తే ‘మిరియపు రొట్టె’ అనుకున్నాను.

పోపులపెట్టె: మామూలుగా మిరియం పడదండి. అప్పట్లో సముద్రం దాటి వచ్చిన ఘాటు సరుకు అంతా వాళ్లకు ‘ఫెఫర్’. మనవాళ్లు పోర్చుగీసుల తరువాత వచ్చిన కాయకు మిరియం పేరు సాగదీసి మిరపకాయ అనలేదా? అందుకే నేను ‘సంబారపు బిళ్ల’ అంటాను. సంబారాలు అనే చక్కని మాటను మసాలా మింగేసింది, ఇక్కడైనా బతికించుకుందాం.

తాళపత్రం: ‘సంబారపు బిళ్ల’కు నా ఓటు. ఫెఫర్ లాటిన్ ‘పిపెర్’, గ్రీకు ‘పెపెరి’ మీదుగా మన ‘పిప్పలి’ దగ్గర ఆగుతుంది. అంటే పేరు పిప్పళ్లది, దానిని అనుభవించింది మిరియాలు. జర్మన్లు ఎవరినైనా కసురుకుంటే ‘మిరియాలు పండే చోటికి పో’ అంటారు. వాళ్ల దృష్టిలో అంతకన్నా దూరం లేదు. మనకు అది పొరుగు రాష్ట్రం.

వలపలగిలక: పిప్పలి అందరికీ తెలిసినదే. అల్లం చూడండి. జర్మన్‌లో ‘ఇంగ్‌వెర్’, సంస్కృతంలో శృంగవేరం. శృంగం అంటే కొమ్ము కాబట్టి కొమ్ములాంటి ఆకారం అని చెప్పుకున్నారు. కానీ పాళీలో సింగివేర, తమిళంలో అల్లం ఇంజి. ద్రావిడపు ‘ఇంజి వేర్’ను సంస్కృతం వినసొంపుగా కొమ్మును చేసిందని భాషావేత్తలు చాలామంది ఒప్పుకున్నారు. మీ అవ్వ డబ్బాలోని ఇంగ్‌వెర్‌లో చివరి ‘వెర్’ మన వేరు, అరసున్న గారూ.

అరసున్న: ఇది చదివి లేచి నిలబడ్డాను! అయితే తెలియని ‘ఇంజి’లో మన పెద్దలు కొమ్మును చూశారు, తెలియని ‘లేబ్’లో అవ్వ ఆయుష్షును చూసింది. అవ్వను తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు.

వలపలగిలక: తప్పు పట్టవద్దు, నిఘంటువులో మాత్రం చేర్చవద్దు.

తాళపత్రం: సుగంధాల మాట వచ్చాక శ్రీనాథుణ్ణి తలవకుండా ఎలా ఉండగలం? హరవిలాసం కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ సెట్టి ఓడల మీద తెప్పించిన సరుకుల సీసం గుర్తుందా? పంజారం నుంచి కర్పూరపు చెట్లు, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి (హోర్ముజ్) నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. ‘తెచ్చు’ అనే ఒక్క క్రియ రేవులో అలలాగా మళ్లీ మళ్లీ వచ్చి తాకుతుంది. న్యూరెంబర్గ్ పత్రాలలో లేప్‌కూఖెన్ కాల్చేవాడి ప్రస్తావన 1395లో ఉంది. ఇక్కడ కొండవీటిలో అవి కుమారగిరి రెడ్డి ఏలిన రోజులు. ఆయన వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి అందించినవాడు ఈ సెట్టే. అక్కడ లవంగం దంచుతున్న వేళ ఇక్కడ కర్పూరం చల్లుతున్నారు.

వలపలగిలక: నాకు ఆ సీసంకన్నా అందులోని ఊళ్ల పేర్లు ఇష్టం. హురుమంజి అనే మాటలో ఉప్పుగాలి వినిపిస్తుంది. వర్తకుణ్ణి ఇంత గౌరవంగా పద్యంలో నిలబెట్టిన కవి మనకు అరుదు. జర్మన్లు తమ వర్తకులను ‘ఫెఫర్‌జాక్’ అని ఈసడించారు, అంటే మిరియాల బస్తా.

పోపులపెట్టె: బస్తాలు మోసినవాళ్లు లేకపోతే నా పిండిలో లవంగం ఉండేది కాదు. ఈసడింపు నాకు నచ్చదు. కాల్చేవాళ్ల గౌరవం కూడా చెప్పండి. న్యూరెంబర్గ్‌లో వాళ్లకు సొంత వృత్తి సంఘం 1643లో గానీ రాలేదు, అప్పటిదాకా మామూలు రొట్టెలవాళ్లలో కలిపి లెక్కించారు.

తాళపత్రం: హరవిలాసంలో మరో చోటు గుర్తొస్తోంది, చిరుతొండనంబి కథ. రాత్రికి తీరికగా రాస్తాను.

అరసున్న: తప్పక రాయండి. ఈలోగా ఒక మాట. ఈ ఉదయం పాప బూట్లు వేసుకుంటూ ఆ పాట పాడింది. ‘ఔస్ ఫెఫర్‌కూఖెన్ ఫైన్’ అని, తడబాటు లేకుండా.

వలపలగిలక: ఫెఫర్‌కూఖెన్! చెప్పాను కదా. కానీ ‘ఔస్’ కాదు, ‘ఫొన్’. నేను విన్న పాఠం ‘ఫొన్’.

అరసున్న: పాప అవ్వ దగ్గర నేర్చుకుందో, బడిలో నేర్చుకుందో అడిగితే ‘నాకు ముందే వచ్చు’ అంటోంది. అవ్వ పుట్టిల్లు సాక్సనీలో పుల్స్‌నిట్స్ అని ఇప్పుడే మావారు గుర్తు చేశారు.

పోపులపెట్టె: పుల్స్‌నిట్సా! అది ఫెఫర్‌కూఖెన్‌కే పేరుపడ్డ ఊరు. మరి ఆ అవ్వ లేప్‌కూఖెన్ అని ఎందుకు పాడుతుంది?

తాళపత్రం: పాడితే మాత్రం ‘లేబె’ అనే పాడి ఉంటుంది.