మాలమ్ సున్నపురాయి లోయల్లో నడక: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

లీడ్స్‌లో_పల్నాడు

అందరికీ నమస్తే. లీడ్స్‌కి వచ్చి రెండేళ్లయింది. ఏప్రిల్ చివర్లో అమ్మ, నాన్న వస్తున్నారు. లండన్ అదీ ఎలాగూ చూపిస్తాను కానీ, పోయినేడాది ఆఫీసు వాళ్లతో యార్క్‌షైర్ డేల్స్ కొండలోయల్లోని మాలమ్ ఊరికి వెళ్లినప్పుడు అక్కడి మాలమ్ కోవ్ (నిలువుగా లేచిన పెద్ద సున్నపురాతి గోడ) ఫొటో ఒకటి పంపాను, అప్పటి నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఆ రాళ్ల చోటుకి తీసుకెళ్తావా లేదా" అని ఒకటే అడగడం. ఆయన పిడుగురాళ్లలో ముప్పై ఏళ్లు సున్నపు బట్టీల దగ్గర పనిచేశారు. గుడికి వెళ్లినా ముందు మెట్ల రాయి ఏంటో చూసే మనిషి.

సమస్య అమ్మతో. మోకాళ్ల నొప్పులు, సమంగా ఉన్న చోట గంటా గంటన్నర బాగానే నడుస్తుంది, మెట్లంటే మాత్రం భయం. జానెట్స్ ఫాస్, గోర్డేల్ స్కార్, మాలమ్ టార్న్ చెరువు, కోవ్ అన్నీ కలిపి సుమారు 8 మైళ్ల చుట్టు అంటున్నారు. అందులో ఏది ఉంచాలి, ఏది వదలాలి? గోర్డేల్‌లో జలపాతం పక్కనే రాళ్లెక్కి పైకి పోవాలని ఎవరో చెప్పారు, అది విన్నప్పటి నుంచి నాకే టెన్షన్. కారు లేదు.

డేల్స్_బాటసారి

మొత్తం చుట్టు వద్దండి. నేను పదిహేనుసార్లు పైనే వెళ్లుంటాను, మా అత్తమామలను కూడా తీసుకెళ్లాను, ఆ అనుభవంతో చెప్తున్నా.

ఊళ్లోంచి జానెట్స్ ఫాస్‌కి వెళ్లే దారి అమ్మగారికి చక్కగా సరిపోతుంది. వాగు పక్కనే పొలాల్లోంచి, చివర చిన్న అడవిలోంచి పోతుంది, దాదాపు సమంగానే ఉంటుంది. ఫాస్ అంటే అక్కడి మాటలో జలపాతం. చిన్నదే, పెద్ద హోరేమీ ఉండదు, కానీ నీళ్లు పడే రాయిని చూడమనండి, బోరునీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పేరుకుంటుందే, అలా నీళ్లలోని సున్నం ఏళ్ల తరబడి పేరుకుని రాయైపోయింది. అక్కడి నుంచి రోడ్డు మీద కాస్త నడిచి గోర్డేల్ లోయలోకి వెళ్లొచ్చు. మొదట మామూలు పచ్చిక మైదానంలా ఉంటుంది, ఏముంది ఇక్కడ అనుకుంటారు, ఒక మలుపు తిరగ్గానే రెండు పక్కలా వంద మీటర్ల గోడలు మీదికి వంగి నిలబడి ఉంటాయి. ఆ మలుపు దాకా ఎవరైనా నడవగలరు.

ఆ పైన జలపాతం పక్క ఎక్కుడు మాత్రం అమ్మానాన్నలకి వద్దే వద్దు. చేతులు కూడా వాడి ఎక్కాలి, వాన పడి నీళ్లు జోరుగా ఉన్న రోజైతే మామూలు వాళ్లకే కుదరదు. ఎక్కడం ఒక ఎత్తు, సగంలో భయమేసి దిగాలంటే ఇంకో ఎత్తు.

అమ్మగారు వచ్చిన దారినే వెనక్కి ఊళ్లోకి వచ్చి టీ తాగుతూ కూర్చుంటారు, మీరిద్దరూ పొలాల మీదుగా కోవ్ పైకి వెళ్లి దిగి రండి. అమ్మగారికి తోడుగా ఇంకెవరైనా ఉంటే మరీ మంచిది.

రైల్లో స్కిప్టన్ దాకా రండి, అక్కడి నుంచి మాలమ్‌కి బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైం చూడకుండా బయల్దేరొద్దు.

కొండమీద_బ్రో

కోవ్ ముందు ఎక్కేయండి బ్రో. పక్కన 400 దాకా మెట్లుంటాయి, ఎత్తు పల్లాలు. మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే నరకం. మెట్లెక్కి గోర్డేల్ వైపు దిగితే వాలు నెమ్మదిగా ఉంటుంది. నాన్నగారికీ యాభై దాటుంటాయిగా.

తడిరాయి_బాధితుడు

పైన ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కోవ్ పైన బండలు పరిచినట్టుంటుంది కదా, ఫొటోల్లో అందరూ నిలబడే చోటు, దాని మీద తడి ఉన్నప్పుడు మామూలు షూస్‌తో అడుగు పెట్టొద్దు. వేల మంది కాళ్ల కింద నునుపెక్కిపోయింది. ఆ బండలను క్లింట్లు అంటారు, మధ్య చీలికలను గ్రైక్‌లు అంటారు, ఈ రెండు మాటలూ నేను నేర్చుకున్నది కాలు గ్రైక్‌లో దిగబడి చీలమండ వాచాక, కుంటుకుంటూ ఇంటికెళ్లి మంచం మీద కూర్చుని చదివి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగేశా, తప్పు పూర్తిగా నాదే. అంచుకి కంచె కూడా ఉండదు, కింద 80 మీటర్లు. సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. ఏదైనా జరిగితే 999కి చేసి పోలీసుని అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి, నేరుగా అంబులెన్స్ అడిగితే కొండ మీదికి రాదు.

అడుగున గట్టి పట్టున్న బూట్లు నాన్నగారికి కొనండి. అమ్మగారికి చేతికర్ర చాలు.

గండికోట_ఫ్యాన్

ఇంత దూరం ఎందుకు, మన గండికోట కూడా ఇలాంటి లోయే కదా, అది కూడా సున్నపురాయే.

రాళ్లపిచ్చి

గండికోట లోయ గోడలు క్వార్ట్జైట్ అండీ, ఇసుక గట్టిపడి రాయైన రకం. సున్నపురాయి కావాలంటే బెలుం గుహలకి వెళ్లాలి, లేదా ఇంట్లో కిందికి చూడండి, కడప బండలూ తాండూరు బండలూ ఆ జాతివే. తేడా ఏంటంటే సున్నపురాయిని వాన నీళ్లు కరిగిస్తాయి, అందుకే అక్కడ నీళ్లు పైన పారకుండా పగుళ్లలోంచి లోపలికి దిగిపోతాయి. మాలమ్‌లో ఆ వింత కళ్లారా చూడొచ్చు. టార్న్ చెరువు అడుగున నీళ్లు పీల్చని పలకరాయి ఉంది కాబట్టి చెరువు నిలిచింది, దాంట్లోంచి బయటికొచ్చిన వాగు కొద్ది దూరం పారి సున్నపురాయి తగలగానే భూమిలో మాయమైపోతుంది. కోవ్ అడుగున గోడ కిందనుంచి ఒక వాగు పుడుతుంది, అందరూ ఆ నీళ్లే ఇవి అనుకుంటారు, కాదు. చెరువు నీళ్లు ఊరు దాటాక, ఏర్ నది మొదలయ్యే ఏర్ హెడ్ ఊటల దగ్గర తేలతాయి. కోవ్ కింద వచ్చేవి వేరే చోట దిగినవి. రెండూ భూమి లోపల ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి. ఆ ఏర్ నదే మీ లీడ్స్ మధ్యలోంచి పోయేది!

మంచుయుగం చివర్లో కరిగిన నీళ్లు కోవ్ గోడ మీంచి జలపాతంగా దూకేవి. ఇప్పుడు పొడి గోడే. 2015 డిసెంబరు తుపానులో మాత్రం కొద్దిసేపు మళ్లీ దూకాయి, అది చూసిన వాళ్లు అదృష్టవంతులు.

నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి, డేల్స్‌లో పొలాల పక్కన పాత సున్నపు బట్టీలు చాలానే కనిపిస్తాయి. పులుపెక్కిన నేలకి వేయడానికి అక్కడే రాయి కాల్చేవారు. ఇప్పుడైతే కోవ్ మీది లాంటి బండల్లోంచి ముక్క తీసినా నేరం.

లీడ్స్‌లో_పల్నాడు

మే మొదటి వారంలో వెళ్లొచ్చాం. జానెట్స్ ఫాస్ అడవి నిండా తెల్లపూల అడవి వెల్లుల్లి, వాసనకే అమ్మ మోకాళ్ల నొప్పి మర్చిపోయింది, నాలుగాకులు కోసి పచ్చడి చేద్దామంది. దాని మధ్యలోనే విషపు ఆకులు కూడా మొలుస్తాయని చదివాను కాబట్టి వద్దన్నా, వినిపించుకోలేదు, చివరికి నాన్న కసిరితే ఆగింది. గోర్డేల్ మలుపు దగ్గర మాత్రం ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ ఊళ్లోకి నడిచింది, మా స్నేహితురాలు తోడుంది.

బ్రో గారి సలహా బాగుంది కానీ బస్సు టైం వల్ల మెట్లు దిగాల్సే వచ్చింది, నాన్న రెండు రోజులు జండూబామ్ రాసుకున్నారు. బండల మీద మాత్రం అరగంట కూర్చుని, ప్రతి చీలికలోకీ వంగి ఫెర్న్ మొక్కలు చూసి, వేలితో రాయి గీకి "మన దాని కన్నా తెలుపు, బాగా కాలుతుంది" అన్నారు. ఇక్కడ ముక్క తీస్తే నేరం అంటే నమ్మలేదు. "మరి మనూళ్లో?" అన్నారు.

బట్టీ దొరకలేదు. ఆదివారం ఇంకో ఊరి వైపు వెళ్దాం అంటున్నారు, ఎక్కడుందో సరిగ్గా తెలిసిన వాళ్లుంటే చెప్పండి, ఈసారి మెట్లు లేకుండా.