‘రిడండెంట్’ని పునరుక్తి అనవచ్చా?

తెలుగు పాఠాల్లో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి వాడుతున్నాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, దాని పాత రూపం పైథాన్ 2 కాలం నాటిది. దాన్ని శుభ్రం చేస్తుంటే ఎక్కడ చూసినా ఎస్‌టీఆర్, అంటే ఇచ్చినదాన్ని స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) మార్చే ఆదేశం, కనిపించింది: ఫైల్ నుంచి చదివిన వరుసకి ఒకసారి, దాన్ని విడగొడితే వచ్చిన పదానికి మళ్ళీ ఒకసారి. పైథాన్ 3లో అవి ముందే స్ట్రింగులు. మార్పుల చిట్టా తెలుగులో రాసుకుంటాం కాబట్టి అడుగుతున్నాను. ఇంగ్లీషులో ‘రిడండెంట్’ అనే దీన్ని ‘అనవసర మార్పిడి’ అంటే చాలా, ‘పునరుక్తి’ అనాలా?

— పునరుక్తే సరైన మాటండీ. అనవసరం అంటే ఆ పనే అక్కర్లేదన్న అర్థం వస్తుంది. ఇక్కడ జరిగింది చెప్పిందే మళ్ళీ చెప్పడం. ‘పిన్ నంబర్’ అంటాం చూడండి, అందులో ‘ఎన్’ అంటేనే నంబర్. స్ట్రింగ్‌ని ఎస్‌టీఆర్‌కి ఇస్తే అదే తిరిగి వస్తుంది, కొత్తదేమీ తయారవదు. ఇబ్బందంతా చదివేవాళ్ళకే. ఇది అంకేమో, లేకపోతే ఎందుకు మారుస్తారు అని పై వరుసలన్నీ వెతుక్కుంటారు. విశేషణంగా వాడితే మాత్రం ‘పునరుక్త మార్పిడి’ అనండి.

అయితే రెండుసార్లు వచ్చిందల్లా దోషం కాదు. చివర, చివర కలిసి చిట్టచివర అయింది. అది ఆమ్రేడితం, ఒకటి తీసేస్తే బలం పోతుంది. స్క్రిప్ట్‌లోనూ ప్రతిచోటా అది ఏం పని చేస్తోందో చూడాలి. ‘మొత్తం’ అన్న మాటకి ప్లస్‌తో అంకెని కలిపే చోట ఎస్‌టీఆర్ ఉండాల్సిందే. పైథాన్ 3.6లో వచ్చిన ఎఫ్-స్ట్రింగ్ (మాటల మధ్యలోనే విలువలు పెట్టే స్ట్రింగ్) లోపల అక్కర్లేదు, అదే మార్చుకుంటుంది.

— ఇంకా అక్షరాలుగా మార్చని ముడి బైట్లు ఉన్నచోట జాగ్రత్తండీ! అక్కడ ఎస్‌టీఆర్ ఎర్రర్ ఇవ్వదు, తప్పుడు స్ట్రింగ్ ఇస్తుంది. ‘తెలుగు’ అన్న మాట, అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఎస్‌టీఆర్‌లో పెడితే బీ, కొటేషన్లు, బ్యాక్‌స్లాష్‌లతో 75 గుర్తుల బారు అవుతుంది. మీ లెక్కలో అదీ ఒక పదమే! పైథాన్‌ని హైఫన్ తర్వాత రెండు చిన్న బీలు పెట్టి నడపండి, అలాంటి చోట ఆగిపోయి చూపిస్తుంది. విలువ లేని ‘నన్’ని కూడా ఎస్‌టీఆర్ మామూలు పదంగా మార్చేస్తుంది. ఎస్‌టీఆర్ తీసేస్తే ఆ లోపం బయటపడుతుంది.

— ఇద్దరికీ ధన్యవాదాలండీ. అలా నడిపితే బైట్లు చదివే చోటు ఒకటి దొరికింది. అక్కడ ఎస్‌టీఆర్ బదులు, బైట్లని అక్షరాలుగా మార్చే డీకోడ్ పెట్టాను. చిట్టాలో ‘పునరుక్త మార్పిడుల తొలగింపు’ ఒక పద్దు, ‘బైట్ల దోషం సవరణ’ ఇంకో పద్దు.