ఇంట్లో డబ్బు లేదన్న సంగతి మీకు ఏ వయసులో, ఎలా తెలిసింది?

చీపురుపల్లి తమ్ముడు (ప్రశ్న):

మా అప్పకూ (మా వైపు అక్కను అలాగే పిలుస్తాం) నాకూ నాలుగేళ్ల తేడా. ఒకే ఇంట్లో పుట్టాం, ఒకే కుండలో వండిన అన్నం తిన్నాం, చీపురుపల్లి దగ్గర ఒకే ప్రభుత్వ బడిలో చదువుకున్నాం. అయినా మొన్న పెద్దపండక్కి అందరం కలిసి చిన్ననాటి సంగతులు చెప్పుకుంటున్నప్పుడు, మనది డబ్బుకు కటకటలాడే ఇల్లని తనకు రెండో తరగతిలోనే తెలుసునని అప్ప అంది. నాకు ఎనిమిదో తరగతి దాకా ఆ ఊహే లేదు. ఆ మాట అంటే అప్ప నమ్మలేదు, నవ్వింది.

మా నాన్న విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు నడిచినన్నాళ్లు జీతం వచ్చేది. లాకౌట్ పడితే నెలల తరబడి ఇంట్లోనే ఉండేవారు, లేదా తాపీ పనికి వెళ్లేవారు. నాన్న ఇంట్లో ఉంటే నాకు పండగే, ఎందుకంటే చెరువుకు ఈతకు తీసుకువెళ్లేవారు. తిండికి లోటు కనబడలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన తరవాత, ధర మధ్యలో పెరిగినా, తెల్లకార్డు ఉన్న ఇంట్లో అన్నం మాత్రం ఏదో విధంగా ఉడికేది. మా తాతల కాలంలో లేమి కంచంలోనే కనబడేది. మా కాలానికి అది చిల్లర కావలసిన చోట్లకు, అంటే నూనెకు, బస్సు చార్జీకి, పరీక్ష ఫీజుకు మారిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ చోట్లకు వెళ్లే పని నాకు పడలేదు, అప్పకు పడింది. వంద గ్రాముల నూనె కోసం మెడకు దారం కట్టిన సీసా పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లేది అప్పే. కొట్టు ఆయన ఖాతా పుస్తకం తిప్పి మా పేజీ దగ్గర వేలు ఆనించి, పదిమంది ఎదుట, "పాత బాకీ సంగతి ఏటన్నాదే మీయమ్మ?" అని అడిగేవాడట. "ఈ వారంలో ఇచ్చెత్తానంది" అని చెప్పాలని అమ్మ ముందే నేర్పి పంపేదట. ఇవన్నీ నేను మొన్ననే విన్నాను.

నాకు తెలిసింది మండల ఆఫీసులో. ఉపకార వేతనానికి ఆదాయ ధ్రువపత్రం కావాలంటే నాన్నతో వెళ్లాను. పత్రంలో వార్షికాదాయం అని రాసిన అంకెను తిరుగు బస్సులో పన్నెండుతో భాగించి, వచ్చినదాన్ని ఇంట్లో ఉన్న ఐదుగురితో మళ్లీ భాగించాను. లెక్కల్లో చురుకైనవాడినని అప్పటికి నాకు గర్వం. (ధ్రువపత్రాల్లో అంకెలు తగ్గించి రాయించుకుంటారని ఎవరైనా అనవచ్చు. చాలా ఇళ్ల విషయంలో అది నిజమే. మా ఇంట్లో తగ్గించడానికి ఏమీ లేదు.)

నేను అడగదలచింది ఇది. మీకు ఈ సంగతి ఏ వస్తువు వల్ల, ఎవరి మాట వల్ల, ఏ పని మీద వెళ్లినప్పుడు తెలిసింది? తోబుట్టువుల్లో ఒకరికి ముందు, ఒకరికి వెనుక తెలిసిందా? అలా జరిగితే అది పెద్దలు కావాలని చేసిందేనా?

ఉద్దానం ఆడపడుచు:

నేను ఇంటికి పెద్దదాన్ని కాబట్టి మీ అప్పగారి పక్షాన రాస్తున్నాను. మా ఊళ్లో అప్పుకు పంపడానికి ఎప్పుడూ పెద్ద ఆడపిల్లనే ఎంచుకునేవారు. మగవాళ్లు వెళ్తే మాట పడాలి, తల్లి వెళ్తే పరువు పోతుంది, పిల్ల వెళ్తే కొట్టువాడు కసురుకున్నా సరుకు ఇచ్చి పంపుతాడు. ఇది ఎవరూ నోటితో చెప్పిన నియమం కాదు గాని, మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా ఇలాగే ఉండేది.

మా అమ్మ పలాసలో జీడి పరిశ్రమలో పనిచేసేది. పిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకని ఆడవాళ్లు చేతులకు బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. ఎంత రాసుకున్నా వేళ్ల కొసలు నల్లబడి పొరలు పొరలుగా లేస్తాయి. అమ్మ అన్నం కలిపి పెడుతుంటే ఆ వేళ్లను చూసేదాన్ని. అయినా అది పేదరికమని నాకు తట్టలేదు, ఎందుకంటే మా వీధిలో అమ్మలందరి చేతులూ అలాగే ఉండేవి. విరగని గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు వేరుచేసి కిలోల లెక్కన కూలి తెచ్చుకునే అమ్మ, ఇంటికి ఒక్క పప్పు కూడా తేలేదు. బయటికి వచ్చేటప్పుడు కొంగు దులిపి చూపించాలి. నా పదకొండో ఏట ఒక పెళ్లిలో పాయసంలో జీడిపప్పు కనబడితే, ఇది మా అమ్మ వలిచినదేనా అని పక్కనున్న పిల్లను అడిగాను. ఆ పిల్ల వాళ్లది కొబ్బరి తోటల ఇల్లు. తను నవ్విన తీరుతో నాకు అంతా తెలిసిపోయింది.

అయితే ఈ విషయానికి మరో వైపు కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ప్రాంతంలో తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొత్త కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కూలింటి పిల్లలకు డబ్బు లేకపోవడం కొత్తకాదు కనుక వాళ్లు తట్టుకున్నారు. తోటల ఇళ్ల పిల్లలకు మాత్రం ఫీజు కట్టలేదని కాన్వెంటు మానేసి ప్రభుత్వ బడిలో చేరిన రోజున తెలిసింది. మేము కొద్దికొద్దిగా నేర్చుకున్నదాన్ని వాళ్లు ఒక్క పూటలో నేర్చుకోవలసి రావడం చూసినప్పుడు, చిన్నప్పుడు ఆ నవ్వు మీద పెట్టుకున్న కోపం నాలో మిగల్లేదు.

తెప్ప మనిషి:

మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో గంగపుత్రుల ఊరు. చేపల రేవు ఉన్నంత మాత్రాన ఏడాది పొడుగునా సంపాదన ఉండదు కాబట్టి, మా మగవాళ్లు ముందుగా అడ్వాన్సు తీసుకుని గుజరాత్‌లోని వెరావల్‌కు బోటు పనికి వెళ్లి, నెలల తరవాత తిరిగివస్తారు. 2018లో అక్కడి నుంచి చేపల వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన సంగతి ఈ ప్రాంతం వారికి గుర్తుండే ఉంటుంది. ఇంత దూరం ఎందుకు వెళ్తారని అప్పట్లో చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మా ఇళ్లలో ఆడవాళ్ల చెవుల్లో ఉంటుంది.

అమ్మకు ఒక జత కమ్మలు ఉండేవి. నాన్న డబ్బు పంపినప్పుడు అవి చెవులకు ఉండేవి. లేనప్పుడు చెవి కన్నాలు పూడిపోకుండా చీపురుపుల్ల ముక్కలు పెట్టుకునేది. వర్షాకాలంలో పుల్లలు, వేసవిలో కమ్మలు. ఆడవాళ్లకు అదొక ఆనవాయితీ అనుకున్నాను. మా పిన్ని పెళ్లికి కూడా అమ్మ పుల్లలతోనే వెళ్తుంటే, "కమ్మలు పెట్టుకోవేమే?" అని అడిగాను. "అవి షావుకారు దగ్గర దాచాను, పోతాయని" అంది. షావుకారు మనుమడు నాతోపాటే చదివేవాడు. మీ అమ్మ కమ్మలకు వడ్డీ కట్టలేదని వాడు బడిలో చెప్పేదాకా నేను అమ్మ మాటే నమ్మాను. వాడి మీద నాకు కోపం రాలేదు. తాకట్టు అంటే ఏమిటో వాడే వివరంగా చెప్పాడు, అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

గంట్యాడ:

మీరందరూ నాకన్నా ముందుతరం వారు కాబట్టి నా అనుభవం కాస్త వేరుగా ఉంది. ఉపాధి హామీ పని మొదటి విడతలోనే, 2006లో, విజయనగరం జిల్లాకు వచ్చింది. కూలి పోస్టాఫీసు ఖాతాలో పడేది. అమ్మకు చదువు రాదు కనుక పాస్‌బుక్కు చదివి చెప్పే పని ఐదో తరగతి నుంచి నాదే. ఎన్ని రోజుల పనికి ఎంత పడింది, ఎన్ని రోజులది ఇంకా రాలేదు, పొదుపు సంఘానికి ఎంత కట్టాలి అన్నవన్నీ నాకు అమ్మకన్నా ముందు తెలిసేవి. కాబట్టి ఫలానా రోజున తెలిసిందని చెప్పలేను. సిగ్గు కూడా పడలేదు. ఇంటి లెక్క నా చేతిలో ఉందన్న పెద్దరికం ఉండేది, అది నాకు బాగానే ఉండేది. ఇప్పుడు మా పాప కొట్లో ఫోన్ చూపిస్తే సరుకు వస్తుందనుకుంటోంది. ఇంట్లో ఎంత ఉందో, ఎంత లేదో దానికి కనబడే చోటే లేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:

శ్రీకాకుళం జిల్లా పల్లెబడుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడిగా ఒక మాట చెప్పవలసి ఉంది. తమ్ముడుగారు తనకు ఎనిమిదో తరగతి దాకా తెలియదంటున్నారు. తెలియడం అంటే మాటల్లో చెప్పగలగడమే అయితే అది నిజం కావచ్చు. పిల్లలు చెప్పలేనిదాన్ని ప్రవర్తనలో ముందే చూపిస్తారని నా అనుభవం.

ఏటా పిల్లలను అరసవల్లికో, శ్రీకూర్మానికో, శాలిహుండానికో తీసుకువెళ్లేవాళ్లం. బస్సుకు తలా ఇంత అని వసూలు చేసేవారు. డబ్బు లేదు సార్ అని చెప్పిన పిల్లవాడు నాకు ఒక్కడూ గుర్తులేడు. ఒకడు "నాకు బస్సు పడదు సార్, వాంతులవుతాయి" అనేవాడు. ఒకతె "అరసవల్లి ఇదివరకే చూసేశానండి" అనేది. ఆ పిల్ల ఆమదాలవలస కూడా దాటలేదని నాకు తెలుసు. ఇంట్లో అడిగి లేదనిపించుకోవడం కన్నా, అడగకుండానే తనకు ఇష్టంలేదని చెప్పడం వాళ్లు నేర్చుకున్నారు. తల్లిదండ్రుల చేత లేదనిపించకుండా కాపాడే ఈ ఉపాయం ఆరేడేళ్ల పిల్లల్లో కూడా చూశాను. అందుచేత తమ్ముడుగారూ, మీరు చిన్నప్పుడు నాకు ఇష్టం లేదు అని చెప్పినవాటిని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

ఇంకొకటి. 1995 తరవాత నెలకు ఎనభై శాతం హాజరున్న పిల్లలకు మూడు కిలోల బియ్యం ఇచ్చే రోజుల్లో, బియ్యం పంచేనాడు కొందరు సంచి తెచ్చుకునేవారు, కొందరు తెచ్చుకునేవారు కాదు. కాస్త కలిగిన ఇళ్లవాళ్లు తీసుకోవడానికి నామోషీ పడేవారు కాబట్టి, ఎవరి ఇల్లు ఎలాంటిదో తరగతిలో అందరికీ ఆ ఒక్కనాటితో తెలిసిపోయేది. 2003 జనవరి నుంచి బడిలోనే వండిపెట్టడం మొదలయ్యాక, అందరూ ఒకే వరుసలో కూర్చుని తినడం వల్ల ఆ తేడా చాలావరకు పోయింది. ఫీజు కట్టనివారి పేర్లు తరగతిలో చదివే అలవాటు మాత్రం చాలా చోట్ల ఉండేది. నేను ప్రధానోపాధ్యాయుడినైన బడిలో దాన్ని మాన్పించి, పిల్లల్ని ఒక్కొక్కరిగా స్టాఫ్ రూముకు పిలిచి అడగమన్నాను. వసూళ్లు ఏమీ తగ్గలేదు.

చీపురుపల్లి తమ్ముడు:

అందరికీ నమస్కారాలు. మాస్టారూ, మీ మాట చదివాక చాలాసేపు ఆలోచించాను. సర్కస్ అంటే నాకు భయమని ఇంట్లో అందరూ అనేవారు. ఆ భయం సర్కసుదో టికెట్టుదో ఇప్పుడు తేల్చి చెప్పలేను.

ఆడపడుచుగారు రాసిన నియమం సంగతి అప్పకు ఫోన్ చేసి అడిగాను. మా ఇంట్లో కారణం అది కాదని అంది. అమ్మ మొదట నన్ను కూడా కొట్టుకు పంపిందట. బాకీ గురించి అడిగితే వచ్చే వారం ఇస్తుందని చెప్పమని నాకూ నేర్పిందట. కొట్టు ఆయన అడగగానే నేను, "మాయమ్మ కాడ డబ్బులున్నాయి, పప్పు డబ్బాలో సూసినాను" అని పదిమందిలో చెప్పేశానట. అది కరెంటు బిల్లుకని దాచిన డబ్బు. ఆయన ఆ పూటే ఇంటికి వచ్చి దాన్ని పట్టుకుపోయాడు, మాకు పదిరోజులు కరెంటు లేదు. ఆ తరవాత నాకు ఏ సంగతీ తెలియకుండా చూడాలని అమ్మా అప్పా నిశ్చయించుకున్నారట. అంటే ముద్దుతో దాచలేదు, భయంతో దాచారు.

కరెంటు లేని ఆ రోజులు నాకు బాగానే గుర్తున్నాయి. అందరం వీధి అరుగు మీద పడుకున్నాం, నాన్న చుక్కలు చూపించారు. ఈ మాట అంటే అప్ప ఫోన్ పెట్టేసింది. ఇంట్లో చిన్నవారిగా పుట్టి, ఇలా తరవాతెప్పుడో అసలు సంగతి విన్నవారు ఎవరైనా ఉంటే రాయండి, అప్పకు చూపిస్తాను.