ఆఫీసు షేర్ ఫోల్డర్: అందరికీ ఒకటే లాగిన్ చాలునా?

తుంగభద్ర_గట్టు: కర్నూలులో విత్తనాల కంపెనీ సర్వర్లు చూస్తాను. షేర్ ఫోల్డర్‌కు ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’, అంటే ఎవరైనా ఏ ఫైలైనా మార్చొచ్చు, చెరపొచ్చు. ఆఫీసంతటికీ ఒకటే పాస్‌వర్డ్. ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ 1 తీసేద్దామంటే మేనేజర్ ఒప్పుకోడు. మీరేమంటారు?

కడప_లెక్కలు: ఎస్ఎంబీ 1 జోలికి పోవద్దన్నా. మా ఆఫీసులో సర్వీసు అబ్బాయి అట్లే తీసేసి పోయినాడు. పాత జిరాక్స్ మిషన్ స్కాన్లు ఫోల్డర్లో పడలేదు. మార్చి నెలాఖరు, ఎదురుగా ఆడిటర్. బిల్లులన్నీ పెన్‌డ్రైవులో మోసినాం.

తుంగభద్ర_గట్టు: 2017 మేలో వన్నాక్రై, ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వైరస్, పాకింది ఆ ఎస్ఎంబీ 1 లోపం గుండానే. ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు పోయింది. మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఆ లోపం పూడ్చే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనోళ్లు మునిగినారు. మన ఆంధ్ర పోలీసు కంప్యూటర్లకూ తగిలింది.

అనంత_నెట్: ఎస్ఎంబీ వాడే 445 పోర్టు ఇంటర్నెట్ వైపు మూసినారా?

తుంగభద్ర_గట్టు: మూసినాం. లోపల పాకేదాన్ని అది ఆపదు కదా.

కడప_లెక్కలు: జిరాక్స్ సంగతి చెప్పండి. కొత్తది ఎవరు కొనిస్తారు?

పెన్నేటి_ఇసుక: నెట్‌వర్క్ గుండా వచ్చేవాళ్లకు పెట్టే షేర్ పర్మిషన్, డిస్కులో ఫైళ్లకే పెట్టే ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్ రెండింట్లో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో గ్రూపులు కట్టుకుంటే చాలు.

తుంగభద్ర_గట్టు: ఒకే పేరుతో అందరూ వస్తే సర్వర్‌కు అందరూ ఒకే మనిషి. గ్రూపులు యాడ కట్టేది?

కడప_లెక్కలు: మనిషికో లాగిన్ ఎందుకో తెలుసులే. ఎవరు ఏ ఫైలు తెరిచినారో చూసి మెమోలిచ్చేదానికి! నాకు ఒకటి ఇచ్చినారు, పొరపాటున జీతాల ఫోల్డర్ తెరిచినందుకు.

తుంగభద్ర_గట్టు: ఆ ఫోల్డర్ నీకు కనపడేట్టు పెట్టినోళ్లది తప్పు, నీది కాదు. మా దగ్గర స్టాక్ ఫైలు ఎవరో చెరిపేసినారు. ఎవరేం చేసినారో సర్వర్ రాసుకునే లాగ్‌లో అందరిదీ ఒకటే పేరు. ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో మిషన్ నంబరు, చూస్తే డేటా ఎంట్రీ చేసే పాపది. ఆ కుర్చీలో మధ్యాహ్నం ఎవరైనా కూర్చుంటారు. అయినా ఆ పాపనే పంపించేసినారు. నాకు కడుపు రగిలిపోతాంది, రుజువు చూపేదానికి నా చేతిలో ఏమీ లేదు.

కడప_లెక్కలు: అయితే నువ్వు కొట్లాడేది వైరస్ కోసం కాదన్నమాట. సరే, లాగ్ ఎవరి చేతిలో ఉంటుంది? మేనేజర్ దగ్గరే కదా? ఆయన ఆయనకు కావాల్సిందే చూపిస్తాడు. నా భయమంతా అదే.

అనంత_నెట్: లాగ్ వేరే మిషన్‌కు పోయేట్టు పెట్టండి. మేనేజర్ ఒక్కడే తెరవకూడదు.

తుంగభద్ర_గట్టు: స్టాఫ్ తరఫున ఒకరు పక్కన లేకుండా లాగ్ తెరవరాదని రాసిస్తా. ఒప్పుకుంటావా?

కడప_లెక్కలు: మేనేజర్ సంతకం పెడితే లాగిన్లకు ఒప్పుకుంటా. జిరాక్స్ మోడల్ రేపు పెడతా, ఎస్ఎంబీ 2 పట్టేటట్టు అప్‌డేట్ ఉందేమో చూడు. లేకుంటే మాత్రం ఎస్ఎంబీ 1 తియ్యనియ్యను.